రేడియోశాలలో మీటలు - హక్కుపత్రములు

ఈనాటి ప్రసంగమునకు విషయము రెండు వస్తువులు. ఒకటి, రేడియోశాలలో కంప్యూటరు ముందు కూర్చున్నవాని వ్రేళ్లక్రింద నుండు మీట. రెండవది, ఆ కంప్యూటరులో పాటలు నడపెడు సాఫ్ట్‌వేరును వాడుకొనుటకు మనకు లభించిన హక్కుపత్రము, అనగా లైసెన్సు. మొదటిది కుఱ్ఱవాండ్రు నేర్వవలసినది. రెండవది పెద్దలు చదువవలసినది. ఈ రెంటిలో ఏ యొక్కటి లోపించినను ఊరి రేడియో మూగపోవును.

నేను తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. కంప్యూటరు శాస్త్రము చదివినవాడను కాను. అయినను మా ప్రాంతపు సామాజిక రేడియోలో వారమున కొకమాఱు పద్యవ్యాఖ్యానము చేయుటకు పోవుచు, అచ్చటి యువకుల ప్రక్కన కూర్చుండి, వారి పని చూచి, అడిగి తెలిసికొంటిని. విద్య యెవరియొద్ద నున్నదో వారే గురువులు. వయస్సుతో పని లేదు.

ఇది పెద్దలకేల యని మీరడుగవచ్చును. గాలిలోని ప్రసారతరంగములు ప్రజల సొత్తని మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. విద్యాసంస్థలు చిన్న రేడియోలు పెట్టుకొనుటకు 2002లోను, స్వచ్ఛంద సంఘములు మొదలగునవి పెట్టుకొనుటకు 2006లోను భారత ప్రభుత్వము మార్గము తెఱచినది. ఇట్టి శాలలు సాధారణముగా 100 వాట్ల ప్రసారశక్తితో చుట్టుప్రక్కల గ్రామములకు మాత్రమే వినిపించును. వాని సలహాసంఘములలో ఊరివారే కూర్చుందురు. రశీదులపై, ఒప్పందములపై చేవ్రాలు చేయువారు మీరే. కావున అందేమున్నదో తెలియక చేవ్రాలు చేయరాదు.

ముందు పని యెట్లు జరుగునో చెప్పెదను. 1938లో మద్రాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ప్రారంభమైన దినములలో పాటలు నల్లని రికార్డుపలకలపై నుండెడివి. ఒక పలక తిరుగుచుండగానే రెండవ పలకను సిద్ధము చేసి, సూదిని సరియైన గీతపై నుంచుట ఒక నేర్పు. తరువాత అయస్కాంతపు టేపులు వచ్చినవి. ఇప్పుడు పాటలు, ప్రసంగములు, ప్రకటనలు అన్నియు కంప్యూటరులో దాచబడుచున్నవి. ఏది ముందు, ఏది వెనుక, ఏది ఏ గంటకు రావలెనో ఒక పట్టిక వ్రాసి యిచ్చినచో, ఒకటి ముగియగానే మఱియొకటి తనంతట మొదలగును. దీనిని స్వయంచాలన మందురు. రాత్రివేళ శాలలో మనుష్యుడు లేకున్నను ప్రసారము సాగుట దీనివలననే.

అయినను మనుష్యుడు మాటాడవలసిన ఘట్టములు కలవు. తుపాను హెచ్చరిక వచ్చును. అతిథి ఆలస్యముగా వచ్చును. పాట నాపి మాట చెప్పి మరల పాట నెత్తవలెను. ఇట్టి సమయమున తెరపై బాణపుగుఱుతును జరుపుచు చిన్నచిన్న బొమ్మలను వెదకుట కాలహరణము. వినువారికి ఐదు క్షణముల నిశ్శబ్దమే మిగుల దీర్ఘముగా తోచును. పది క్షణములు మీఱినచో వేఱొక కేంద్రమునకు త్రిప్పుకొందురు. కావుననే మీటల అవసరము.

ఒక్క మీటనో, రెండు మీటలను కలిపియో నొక్కి, అనేక క్రియలు చేయవలసిన పనిని ఒక్కమాఱుగా చేయించుటకు షార్ట్‌కట్ అని పేరు. మన పల్లెలలో అడ్డదోవ యన్న కొంత అనుమానముతో చూతురు గాని, ఇది పొలముగట్టుమీది కాలిబాట వంటిది. బండిబాటన పోయినను, గట్టుమీద పోయినను చేరునది ఆ చేనే. వ్యాకరణము చదివినవారికి దీని మర్మము వేగముగా తెలియును. అచ్చులన్నిటిని ఏకరువు పెట్టుటకు మాఱుగా పాణిని ‘అచ్’ అను చిన్న సంజ్ఞ నేర్పఱచెను. హల్లులన్నిటికి ‘హల్’ అని చాలును. మనము చిన్ననాడు నేర్చిన అచ్చులు, హల్లులు అను పేర్లు ఆ ప్రత్యాహారములనుండి వచ్చినవే. మీట కూడ ఒక సంజ్ఞయే. సంకేతము తెలిసినవానికి అది పెద్ద పనిని చేసిపెట్టును. తెలియనివానికి వట్టి అక్షరము.

ఉదాహరణముగా మిక్స్ అను సాఫ్ట్‌వేరును గైకొందము. 2001లో మొదటిసారి వెలువడిన ఈ సాధనము మొదట పాటలు కలిపి వాయించువారికొఱకు పుట్టినను, చిన్న రేడియోశాలలు కూడ వాడుకొనదగినది. ఇందు తెరపై రెండు పళ్లెము లుండును. పూర్వము రెండు రికార్డుపలక లున్నట్లే. ‘డి’ అక్షరపు మీట నొక్కిన మొదటి పళ్లెము నడచును, మరల నొక్కిన నిలుచును. ‘ఎల్’ నొక్కిన రెండవది. ‘జి’, ‘హెచ్’ అను మీటలతో ధ్వనిని ఒక పళ్లెమునుండి రెండవ పళ్లెమునకు మెల్లగా మరల్చవచ్చును. షిఫ్ట్ మీటను అదిమిపట్టి ఎఫ్ 12 నొక్కినచో స్వయంచాలనము మొదలగును. మరల అట్లే నొక్కిన ఆగును. షిఫ్ట్‌తో ఎఫ్ 11 నొక్కిన ఇప్పటి పాట తగ్గుచు తరువాతి పాట అందుకొనును. షిఫ్ట్‌తో ఎఫ్ 10 పట్టికలోని తరువాతి పాటను దాటవేయును. షిఫ్ట్‌తో ఎఫ్ 9 పట్టికలోని వరుసను కలగలుపును. ఈ తుదిదానితో జాగ్రత్త వలయును. సుప్రభాతము, వ్యవసాయ ప్రసంగము, భజన అని వరుసగా కూర్చిన పట్టిక ఒక్క నొక్కుతో పేకముక్కలవలె కలగలిసిపోవును.

రివెండెల్ అనునది మఱియొకటి. ఇది రేడియోశాలల కొఱకే చేయబడినది. ఇందు దాచిన ప్రతి శబ్దఖండమునకు 999999 వఱకు గల సంఖ్యలలో ఒకటి చెందును. పాత గ్రంథాలయమున పుస్తకమునకు వరుససంఖ్య వేసినట్లు. ప్రసారపుతెరకు మూడు నడకలు కలవు: తనంతట నడచునది, మనుష్యునికి తోడుగా నడచునది, పూర్తిగా మనుష్యుని చేతిలో నుండునది. కీబోర్డులోని పొడుగాటి ఖాళీమీటను నొక్కిన తరువాతి ఖండము మొదలగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఏమియు జరుగకుండునట్లును చేసికొనవచ్చును. కొత్తవాండ్రున్న శాలలో ఈ రెండవదే మేలు. ఏలయనగా మోచేయి తగులునది ముందుగా ఆ మీటకే.

శబ్దమును పట్టి, కోసి, అతుకుటకు ఆడాసిటీ యను సాధనము 2000 సంవత్సరమునుండి వాడుకలో నున్నది. ఇందు ‘ఆర్’ మీట నొక్కిన శబ్దగ్రహణము మొదలగును. ఖాళీమీట వినిపించుటకును, ఆపుటకును. కంట్రోల్‌తో ‘జెడ్’ నొక్కిన ఇప్పుడు చేసిన పని రద్దగును. ఈ తుదిది ఇందే కాక అనేక సాఫ్ట్‌వేరులలో నొక్కటే గనుక, కొత్తవానికి మొట్టమొదట దీనినే నేర్పవలెను. వెనుకకు వచ్చు దారి తెలిసినవాడు ముందునకు ధైర్యముగా పోగలడు.

మీటల విషయమున నేను గమనించిన జాగ్రత్తలు మూడు. మొదటిది, తెరపై వెదకుడుగడిలో వ్రాతగుఱుతు ఆడుచుండగా ‘డి’ నొక్కిన పాట మొదలుకాదు. ఆ గడిలో ఒక అక్షరము పడును. రెండవది మన తెలుగువారికి ప్రత్యేకము. పాట పేరు తెలుగులో వ్రాయుటకు కీబోర్డును తెలుగునకు మార్చి మరల ఇంగ్లీషునకు మార్చకున్నచో, మీటలు పూర్వపు సంకేతములను పలుకకపోవచ్చును. ప్రసారమునకు ముందు భాషను చూచుకొనవలెను. మూడవది, ఆ శాలలో వాడు పది మీటలను పెద్ద అక్షరములతో అట్టపై వ్రాసి గోడకు తగిలింపవలెను. ఒక్కని తలలో మాత్రమే నున్న విద్య ఆ యొక్కనితోనే ఊరు దాటిపోవును. ఇద్దరికి తక్కువ గాకుండ నేర్పవలెను. ప్రసారము లేని వేళ, లేదా వేఱొక కంప్యూటరుపై అభ్యాసము చేయింపవలెను.

ఇక హక్కుపత్రముల కడకు వత్తము. లైసెన్సు అను ఒక్క మాటతో మూడు వేఱువేఱు వస్తువులను పిలుచుటచేత పెద్దలకు తికమక కలుగుచున్నది. మొదటిది, గాలిలో ప్రసారము చేయుటకు ప్రభుత్వ మిచ్చు అనుమతి. రెండవది, పాటను వినిపించుటకు దాని కర్తలు, హక్కుదారు లిచ్చు సమ్మతి. మూడవది, ఆ పాటను నడపు సాఫ్ట్‌వేరును వాడుటకు దానిని రచించినవా రిచ్చు సమ్మతి. ఒకటి యున్నచో మిగిలినవి యున్నట్లు కాదు.

మొదటిదానికి దృష్టాంతము మన యొద్దనే కలదు. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు చేరువనున్న మాచనూరులో దళిత మహిళలు నడపు సంగం రేడియో కలదు. ప్రసారశాల, యంత్రములు, పని నేర్చిన మనుష్యులు ముందే సిద్ధముగా నున్నను, అనుమతి లేని కతమున వారు తమ కార్యక్రమములను క్యాసెట్లలో నింపి కూడికలలో వినిపించుకొనుచు ఏండ్లతరబడి వేచియుండిరి. 2008 అక్టోబరు 15న గాని వారి గొంతు గాలిలో వినబడలేదు. యంత్ర మున్నంతమాత్రమున హక్కు రాదని దీనివలన తెలియుచున్నది.

రెండవది పాట హక్కు. సినిమాపాట కంప్యూటరులో నున్నది గదా యని ప్రసారము చేయరాదు. 1957 నాటి కాపీరైటు చట్టము దానికి వర్తించును. జానపదగీతమునకు కర్త యెవరో తెలియకున్నను, దానిని పాడిన అవ్వకు హక్కు కలదు. 1994లో చట్టమును సవరించి, పాడువారికి, ఆడువారికి హక్కును కల్పించిరి. ఆమె సమ్మతిని ఒక కాగితముపైనో, ఆమె గొంతుతోనో గైకొని దాచవలెను.

మూడవది సాఫ్ట్‌వేరు హక్కు. ఇందొక విశేషము. మన చట్టమున కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చిరి. కావ్యమునకు కర్త యున్నట్లే దానికిని కర్త కలడు. పుస్తకము కొన్నవాడు దానిని చదువవచ్చును గాని అచ్చువేసి అమ్మరాదు. అట్లే సాఫ్ట్‌వేరు కొంటి మనుకొనునప్పుడు మనము సాధారణముగా కొనునది వస్తువును కాదు, వాడుకొను హక్కును.

ఆ హక్కు పెక్కు విధములు. కొన్ని కౌలువంటివి. ఏటేటనో, నెలనెలనో రుసుము చెల్లింపవలెను. చెల్లింపకున్న తెర తాళము పడును. కొన్నిటికి ఒక్కమాఱు చెల్లించిన చాలును; కాని తరువాత వచ్చు కొత్త కూర్పులకు వేఱుగా చెల్లింపవలసి రావచ్చును. కొన్ని ఒకే కంప్యూటరునకు కట్టుబడియుండును; ఆ కంప్యూటరు చెడిపోయిన సంకేతసంఖ్యను మరల తెచ్చుకొనవలెను. కొన్ని ఉచితముగా దొరకును గాని, వానిని విప్పి చూచుటకును, మార్చుటకును అధికారము లేదు. ఉచితముగా నిచ్చినవాడు రేపు ఈయ ననిన మనము చేయగలది లేదు.

కౌలుపద్ధతిలో నేనెఱిగిన యొక ముచ్చట చెప్పెదను. ఒక పట్టణమున చిన్న ప్రసారశాలయం దొక యువకుడు ఏటి రుసుముపై సాఫ్ట్‌వేరు తెప్పించి, తన సొంత ఈమెయిలు చిరునామా నిచ్చి, తన పేరనే వ్రాయించుకొనెను. రెండేండ్లు చక్కగా నడచినది. అతడు ఉద్యోగమునకై బెంగుళూరు పోయెను. గడువు సమీపించినదని కంపెనీవారు పంపిన ఎఱుకలన్నియు అతని చిరునామాకే పోయినవి. శాలలో నున్నవారి కొక్కటియు రాలేదు. ఉగాదినాడు ఉదయము కంప్యూటరు తెఱచిన సంకేతసంఖ్య అడిగెను. పంచాంగశ్రవణము వినుటకు ఇంటింట కూర్చున్నవారికి చాలసేపు వట్టి హోరు వినబడినది. రుసుము చెల్లించుటకు శాలలో డబ్బు లేక కాదు. ఎవరికి చెల్లింపవలెనో, ఏ పేరుతో చెల్లింపవలెనో అచ్చటివారికి తెలియక. కంపెనీవారిని తప్పుపట్టుటకు వీలులేదు. ఊరి సొత్తును ఒక్క మనుష్యుని పేర వ్రాయుటయే చిక్కునకు మూలము.

కౌలునకు భిన్నమైన పద్ధతి యొకటి కలదు. అమెరికా దేశస్థుడైన రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయిత 1983లో, సాఫ్ట్‌వేరు వాడువారి కందఱకు స్వేచ్ఛ యుండవలెనని ఒక ఉద్యమము మొదలిడెను. దానినుండి జి.పి.ఎల్. అను హక్కుపత్రము 1989లో పుట్టినది; 1991లో రెండవ కూర్పు, 2007లో మూడవ కూర్పు వెలువడినవి. ఇది నాలుగు స్వేచ్ఛలను కాపాడును. ఏ పనికైన వాడుకొనుట. మూలమును చదివి తెలిసికొనుట. ప్రతులు తీసి పొరుగువారికిచ్చుట. మెఱుగుపఱచి ఆ మెఱుగును పంచుట. నే నింతకుముందు చెప్పిన మిక్స్, రివెండెల్, ఆడాసిటీ మూడును ఈ పత్రముక్రిందనే వెలువడినవి.

దీనిని విత్తనములతో పోల్చవచ్చును. పూర్వము ఒక రైతు మంచి విత్తనములు పొరుగువాని కిచ్చినచో, అతడు విత్తుకొని, పండించి, మఱియొకని కిచ్చెడివాడు. ఈ పత్రము చెప్పునది కూడ అంతియే. అయితే ఒక నియమము చేర్చినది. నీవు దీనిని ఇతరుల కిచ్చినప్పుడు, నీకు దొరకిన స్వేచ్ఛలన్నియు వారికిని దొరకవలెను, మూలగ్రంథమును దాచిపెట్టరాదు. ఇచ్చునప్పుడు వెల పుచ్చుకొనవచ్చును, నిషేధము లేదు. కావున ఇచట ముఖ్యము ఉచితము కాదు, స్వేచ్ఛ. అన్నము ఉచితముగా పెట్టుట వేఱు, వండుట నేర్పుట వేఱు.

అట్లని ఇందు కష్టము లేదనుట సత్యము కాదు. రివెండెల్ లినక్సు అను వ్యవస్థపై నడచును. దానిని స్థాపించుటకు నేర్పరి వలయును. చెడిపోయిన రాత్రి పిలిచినంతనే పలుకుటకు, డబ్బు పుచ్చుకొని బాధ్యత వహించు కంపెనీ మనకు దొరకకపోవచ్చును. వెల పెట్టి కొన్న సాఫ్ట్‌వేరునకు ఆ సౌకర్యము తఱచుగా నుండును. ధనమున్న శాల అది కొనుట తప్పు కాదు. ఏది కొన్నను తెలిసి కొనవలెను. అదియే నా మాట.

మూడవ దారి యొకటి కొందఱు కుఱ్ఱవాండ్రు చూపుదురు. వెలగల సాఫ్ట్‌వేరు తాళమును విఱిచిన దొంగప్రతి. దానిని ఒల్లకుడు. అది దొంగప్రతి యని తెలిసి వాడుట కాపీరైటు చట్టము 63-బి ప్రకారము నేరము. మూడేండ్ల వఱకు శిక్ష పడవచ్చును. తాళము విఱిచినవాడు లోపల నేమి పెట్టినాడో మన మెఱుగము. ప్రభుత్వానుమతితో నడచు ఊరి సంస్థ కిది తగదు. వెల లేని న్యాయమైన సాధనములు ఉండగా దొంగసొత్తుతో పనియేమి?

కావున సాఫ్ట్‌వేరు విషయమున చేవ్రాలు చేయుటకు ముందు ఈ ప్రశ్నలడుగుడు. హక్కుపత్రము సంస్థ పేర నున్నదా, ఒక మనుష్యుని పేర నున్నదా? గడువు కలదా, ఉన్నచో ఏ తేదీ? ఎన్ని కంప్యూటరులకు చెల్లును? కంప్యూటరు చెడిన, హక్కును మఱియొకదానికి మార్చుకొనవచ్చునా? రేపు ఈ సాఫ్ట్‌వేరును విడిచినచో, మన శబ్దములు ఇతర సాధనములు చదువగల రూపములో బయటికి వచ్చునా?

ఈ తుది ప్రశ్న అన్నిటికంటె గొప్పది. 2006 నాటి నియమముల ప్రకారము, ప్రసారము చేసిన కార్యక్రమములను మూడు నెలలు భద్రపఱుపవలెను. ప్రభుత్వము కోరునది మూడు నెలలు. ఊరు కోరునది అంతకంటె ఎక్కువ. ఎనుబదియేండ్ల రైతు చెప్పిన పాతవరుల పేర్లు, ఊరి పొలిమేరల చరిత్ర, పెండ్లిపాటలు ఒక్కమాఱే పట్టుబడును. చెప్పినవారు పోయినచో మరల దొరకవు. సాఫ్ట్‌వేరును మార్చుకొనవచ్చును, ఆ గొంతులను మార్చుకొనలేము. కావున వానిని వేఱొక పెట్టెలో, వేఱొక చోట, రెండవ ప్రతిగా నుంచుట మఱవకుడు.

కొనుగోలు రశీదు, హక్కుపత్రము, సంకేతసంఖ్య, గడువు తేదీ, ఈ నాలుగింటిని ఒక పుస్తకమున వ్రాయించి, గ్రామపు లెక్కలపుస్తకముతో పాటు బీరువాలో నుంచుడు. సంస్థ పేర ఒక ఈమెయిలు చిరునామా తీయించి, దాని తాళపుమాట ఇద్దరికి తెలియునట్లు చేయుడు. ఏటి కొకసారి, సంవత్సరపు లెక్కలు చూచునాడు, ఆ పుస్తకమును కూడ తెఱచి చూడుడు. మీటలపై కుఱ్ఱవాని వ్రేళ్లు వేగముగా నడచుచుండగా, పత్రముపై పెద్దల చూపు నిలకడగా నుండవలెను.